తపాలాకు సమాధి కట్టేవాళ్లకు జవాబు

తపాలా పని అయిపోయిందన్న మాట మీద చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఇప్పుడు వాదన కూడా జరగడం లేదు. ఎప్పుడో తేలిపోయిన విషయమన్నట్టు మాట్లాడుతున్నారు. కబురుకు వాట్సాప్ ఉంది, డబ్బు పంపడానికి ఫోన్‌పే ఉంది, సామాను తెచ్చివ్వడానికి కొరియర్ కుర్రాళ్లున్నారు, ఇంకా పోస్టాఫీసు దేనికి అని అడుగుతున్నారు. సాక్ష్యాలు కూడా సిద్ధంగానే పెట్టుకున్నారు. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయింది. 2015లో పాత పద్ధతి మనియార్డరు పోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అదే ఏడాది డిసెంబరు 30న డెన్మార్క్‌లో పోస్ట్‌నార్డ్ సంస్థ ఉత్తరాల బట్వాడా మానేసి, 1624లో మొదలైన ఒక చరిత్రకు తెర దించింది. ఈ వరుసంతా చూపించి, మన వంతూ దగ్గర్లోనే ఉందని, ఎంత త్వరగా మూసేస్తే ఖజానాకు అంత మేలని తేల్చేస్తున్నారు.

ఈ వాదం మొదటి మెట్టులోనే తప్పు. ఉత్తరాన్నీ తపాలానూ ఒకటే అనుకోవడం దగ్గర ఆ తప్పు మొదలవుతుంది. తపాలా మోసిన అనేక వస్తువుల్లో ఉత్తరం ఒకటి. అసలు తపాలా అంటే ప్రభుత్వం జనానికి ఇచ్చిన ఒక మాట. నువ్వు ఎవరివైనా, ఎంత మారుమూల ఉన్నా, నీ పేరు మీద వచ్చినదాన్ని నీ గుమ్మం దాకా తెచ్చి నీ చేతికే ఇస్తాం, నీ ఊరు దూరమని నీ దగ్గర ఎక్కువ తీసుకోం అన్నది ఆ మాట. దూరంతో నిమిత్తం లేకుండా బరువును బట్టే ఉత్తరానికి ధర అన్న సూత్రం మన దేశంలో 1854 నుంచి ఉంది. డిజిటల్ కాలం వచ్చి ఆ మాట అవసరాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు. తపాలాకు ముప్పు ఫోను వల్ల రావడం లేదు. ఇచ్చిన మాటను చట్టంలో రాయకుండా, మోసేవాళ్లకు సరైన జీతం ఇవ్వకుండా, పేదవాడు వాడుకునే సేవల్ని ఒక్కొక్కటిగా తీసేస్తున్న విధానం వల్ల వస్తోంది.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకోవాలి. ఇంటి ఉత్తరం పోయింది, తిరిగి రాదు. 50 పైసల కార్డు, రెండున్నర రూపాయల ఇన్లాండు కవరు ఇప్పటికీ అమ్ముతున్నారు కానీ క్షేమసమాచారాలకు వాటిని కొనేవాళ్లు లేరు. అందుకు బాధపడనక్కర్లేదు. జగిత్యాల నుంచో కడప నుంచో గల్ఫ్‌కు వెళ్లిన మనిషి బతికి ఉన్నాడో లేడో తెలియడానికి అతని భార్య వారాలపాటు పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూసిన రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. ఇప్పుడామె రాత్రి పూట వీడియో కాల్‌లో అతని ముఖం చూస్తోంది. అది లాభమే.

అందుకే ఉత్తరాల మాధుర్యాన్ని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు తపాలాకు మేలు చేస్తున్నారని నేను అనుకోను. వాళ్లకు తెలియకుండానే వాళ్లు మూసేయమనే పక్షానికే బలం ఇస్తున్నారు. ఒకరు సంబరంగా, మరొకరు విచారంగా చెప్పినా, ఇద్దరూ చెప్పేది తపాలా గతమనే. ఎర్రడబ్బాను జ్ఞాపకాల్లోకి నెట్టేశాక, దాన్ని గోడ నుంచి పీకేయడానికి వచ్చినవాణ్ణి అడ్డుకునేవాడు ఉండడు. తపాలాను కాపాడాలంటే దాన్ని ఈనాటి అవసరంగా చూపించాలి. ఆ అవసరం కళ్లెదుటే ఉంది.

మొదట డెన్మార్క్ సంగతి. అక్కడ 2000లో దాదాపు 140 కోట్ల ఉత్తరాలు బట్వాడా అయ్యేవి, 2024 నాటికి 11 కోట్లకు పడిపోయాయి. ఇంతవరకే మనకు చెబుతున్నారు. మిగతాది చెప్పరు. దేశమంతటా బట్వాడా చేసి తీరాలన్న బాధ్యతను 2024లో వచ్చిన కొత్త చట్టం పోస్ట్‌నార్డ్ మీద నుంచి ఎత్తేసింది. ఉత్తరాల మీద పన్ను మినహాయింపు పోయింది. మామూలు ఉత్తరం ధర 29 క్రోనర్లకు చేరింది. మన లెక్కలో అది 300 రూపాయలకు పైమాటే. అంత ధర పెట్టాక ఉత్తరాలు ఇంకా వేగంగా తగ్గాయి. తగ్గాయి కాబట్టి మూసేస్తున్నాం అన్నారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

అంత చేసినా అక్కడ ఉత్తరం ఆగలేదు. ఆ పని డావో అనే ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లింది. పౌరుడికి ఉత్తరం పంపుకునే వీలు ఉండి తీరాలని ఆ దేశ చట్టం ఇప్పటికీ అంటోంది. ప్రభుత్వ సమాచారమంతా డిజిటల్ పెట్టెలోకే వచ్చే ఆ దేశంలో, ఆ పెట్టె వాడలేని వృద్ధుడు మినహాయింపు కోరి కాగితం తెప్పించుకోవచ్చు. అంటే దాదాపు 60 లక్షల జనాభా ఉండి, ప్రపంచంలోకెల్లా ఎక్కువగా డిజిటల్‌కు మారిన దేశం కూడా కాగితం మీద పౌరుడికున్న హక్కును రద్దు చేసే సాహసం చేయలేదు. మన దగ్గర డెన్మార్క్ పేరు చెప్పేవాళ్లు ఆ దేశం దేన్ని మూసిందో చెబుతారు, దేన్ని ఉంచుకుందో చెప్పరు.

ఇప్పుడు మన పల్లెకు వద్దాం. తెలంగాణలో సామాజిక పింఛన్లు చాలా ఊళ్లలో పోస్టాఫీసు ద్వారానే ఇస్తారు. పింఛన్ల రోజున ఒక బ్రాంచి పోస్టాఫీసు చూస్తే తపాలా చచ్చిందో బతికుందో తెలుస్తుంది. ఆఫీసంటే ప్రభుత్వ భవనం కాదు. బ్రాంచి పోస్టుమాస్టరు సొంతంగా చూపించాల్సిన గది, చాలాచోట్ల అతని ఇంటి వరండాయే. ఒక బల్ల, తేదీ ముద్ర, నల్లసిరా దిండు, వేలిముద్ర యంత్రం తగిలించిన ఫోను. అరుగు మీదా చెట్టు కిందా ముసలివాళ్లు వంతు కోసం కూర్చుని ఉంటారు. వాళ్లలో జీవితమంతా బీడీలు చుట్టి, నాట్లు వేసి వేలిగీతలు అరిగిపోయిన ఆడవాళ్లే ఎక్కువ.

"ఆ వేలు కాదవ్వా, బొటనవేలు పెట్టు."

"పెట్టిన బిడ్డా. పడ్తలేదు."

"కొంగుకు తుడుసుకో. మల్లొక్కసారి."

రెండోసారీ పడదు. అవ్వ ఎవరో యంత్రానికి తెలియదు. పోస్టుమాస్టరుకు ఆమె తెలుసు, ఆమె పెనిమిటి ఎప్పుడు పోయాడో తెలుసు, కొడుకు ఏ ఊళ్లో పనిచేస్తున్నాడో తెలుసు. పంచాయతీ కార్యదర్శిని పిలిచి, అతని వేలిముద్రతో ధ్రువపరిచి, 2,016 రూపాయలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెడతాడు. ఈ మధ్య ముఖాన్ని గుర్తుపట్టే యాప్ తెచ్చారు. ఆ ఫోనును అవ్వ ముఖానికి ఎదురుగా పట్టుకునే చెయ్యి కూడా పోస్టుమాస్టరుదే.

డబ్బు బ్యాంకు ఖాతాలో వేస్తే ఈ తతంగమంతా తప్పుతుంది కదా అంటారు. ఆ ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. 2024 ఎన్నికల కోడ్ సమయంలో ఇళ్ల దగ్గర పంపిణీ ఆగింది. మే నెల పింఛను చాలామందికి ఖాతాల్లో వేశారు. డబ్బు క్షణంలో ఖాతాకు చేరింది. ఆ ఖాతా నుంచి తమ చేతికి తెచ్చుకోవడానికి ముసలివాళ్లు ఎండల్లో మండల కేంద్రాల దాకా పోయి బ్యాంకుల ముందు పడిగాపులు కాశారు. ఫోనులో మోగిన సందేశాన్ని బట్వాడా అనలేం. మనిషి చేతికి అందినప్పుడే అది బట్వాడా. ఆఖరి నాలుగు కిలోమీటర్లను ఎవరో ఒకరు నడవాలి. ప్రభుత్వం నడవకపోతే ముసలమ్మ నడుస్తుంది. డిజిటల్‌లో ఖర్చు ఆదా అయిందని మనం చెప్పుకునే లెక్కలో ఆమె నడక కలవదు.

అంతా ఆన్‌లైన్ అయ్యాక తపాలా దేనికన్నది ఇంకో మాట. ఆన్‌లైన్‌లో మొదలైన పనులు ఎక్కడ పూర్తవుతున్నాయో చూడండి. పాస్‌పోర్టుకు దరఖాస్తు ఇంటర్నెట్‌లో పెడతారు, పుస్తకం మాత్రం స్పీడ్ పోస్టులో వస్తుంది. 2017 నుంచి ఆ దరఖాస్తు పని కూడా చాలా ఊళ్లలో పోస్టాఫీసులోనే నడుస్తోంది. ఆధార్ పీవీసీ కార్డుకు ఫోనులో డబ్బు కడితే తెచ్చిచ్చేది పోస్టుమ్యానే. సరిహద్దులో ఉన్న జవానుకు బ్యాలెట్ కంప్యూటర్‌లో వెళుతుంది, అతను ఓటు వేశాక ఆ కాగితం తిరిగి తపాలాలోనే రావాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టి బస్సులు, రైళ్లు ఆపేసినప్పుడు మందులు మోసింది తపాలా బండ్లే. ఆధార్ యంత్రంతో ఇంటి ముందుకే వచ్చి డబ్బు ఇచ్చింది గ్రామీణ డాక్ సేవకులే. డిజిటల్ సేవలు పెరిగిన కొద్దీ, తెర మీద తేలిన దాన్ని చేతికి అందించే మనుషుల పని పెరుగుతుంది.

ఆ సంగతి తపాలా శాఖకు తెలుసు. 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడ్ తెచ్చిన శాఖే, 2025 మేలో దేశాన్ని నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టి, ప్రతి చదరానికీ పది అక్షరాల డిజిపిన్ ఇచ్చింది. దాన్ని తయారుచేయడంలో పాలుపంచుకున్న ఐఐటీ హైదరాబాద్, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రెండూ మన గడ్డ మీదివే. ఇంటి నంబరు లేని తండాకు, వీధి పేరు లేని గూడేనికి కూడా చిరునామా ఇవ్వడం ఆ పని లక్ష్యం. చచ్చిపోయే సంస్థ చేసే పనేనా ఇది?

రుజువు సంగతి ఇంకా పెద్దది. పౌరుడికీ ప్రభుత్వానికీ, కూలీకీ యజమానికీ, అద్దెకున్నవాడికీ ఇంటివాడికీ తగాదా వచ్చినప్పుడు, నీకు ముందే చెప్పాను అని నిరూపించుకోవడం బలహీనుడికి ప్రాణావసరం. సరైన చిరునామా రాసి, డబ్బు కట్టి రిజిస్టరు పోస్టులో వేసిన ఉత్తరం మామూలుగా చేరాల్సిన సమయానికి చేరినట్టే లెక్క అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. చేరలేదని నిరూపించాల్సిన భారం అవతలివాడిది. ఈ ఒక్క సూత్రం ఎన్ని లక్షలమంది పేదల్ని కాపాడిందో. వాట్సాప్‌లో రెండు నీలం గీతలు కనిపిస్తే సరిపోదా అనేవాళ్లకు సుప్రీంకోర్టే జవాబిచ్చింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద హాజరు కమ్మని పోలీసులిచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో చెప్పింది, మార్చమని అడిగితే అదే ఏడాది మళ్లీ కాదంది. మనిషి స్వేచ్ఛ ముడిపడి ఉన్న కాగితం మనిషి చేతికే చేరాలన్నది ఆ తీర్పు సారం.

మరి రుజువుకున్న ఆ సాధనాన్ని మనం ఏం చేశాం? 2025లో రిజిస్టర్డ్ పోస్టును విడి సేవగా ఎత్తేశాం. అంతకుముందు 20 గ్రాముల రిజిస్టరు ఉత్తరానికి 26 రూపాయలకు అటూఇటూ అయ్యేది. ఇప్పుడు ఊరు దాటితే 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టుకు 47 రూపాయలు, రిజిస్ట్రేషన్‌కు మరో 5 రూపాయలు, ఆపైన జీఎస్టీ. ఖర్చు రెట్టింపు దాటింది. త్వరగా చేరుతుందని, జాడ తెలుస్తుందని శాఖ అంటోంది. తొందర లేనివాడి సంగతేమిటి? ఉపాధి కూలి రాలేదని జిల్లా కలెక్టరుకు రాసుకునే మనిషికి వేగం అక్కర్లేదు. చౌకగా దొరికే ఒక రసీదు కావాలి. ఆ రసీదునే మనం ఖరీదు చేశాం.

ప్రైవేటు కొరియర్లు ఈ పనంతా చేస్తాయన్న భ్రమ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాడేరు కొండల మీదో, ఉట్నూరు లోపలి గూడేల్లోనో ఉండే ఎవరినైనా అడగండి. కొరియర్ మండల కేంద్రం దాకా వచ్చి ఫోను చేస్తుంది, వచ్చి తీసుకెళ్లమంటుంది. కొన్ని పిన్‌కోడ్‌లకు అసలు రామనే చెబుతుంది. అది వాళ్ల నేరం కాదు, వాళ్లది వ్యాపారం. లాభం ఉన్న వీధికే వ్యాపారం వస్తుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆన్‌లైన్ దుకాణాల్లో ఒకటైన అమెజాన్ 2013 నుంచి మన తపాలా శాఖతో ఒప్పందం పెట్టుకుని ఎందుకు నడుస్తోంది? దేశంలో 1.64 లక్షల పోస్టాఫీసులున్నాయి, వాటిలో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. అలాంటి వల ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టే. తపాలాను మూసి కొరియర్లకు అప్పగించమనేవాళ్లు, ఆ కొరియర్ల పార్శిళ్లను కూడా మారుమూలకు మోస్తున్నది ఎవరో చూడాలి.

ఇక నష్టాల వాదన. వినడానికి బలంగా ఉండేది ఇదొక్కటే. 2018-19లో తపాలా లోటు సుమారు 15,000 కోట్ల రూపాయలని పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. ఒక పోస్టుకార్డు చేర్చడానికి 12 రూపాయలు దాటి ఖర్చవుతోందని, వచ్చేది 50 పైసలేనని 2016-17 శాఖ నివేదికే చెప్పింది. ఈ అంకెల్ని నేను కాదనను. వాటికి చెబుతున్న అర్థాన్ని కాదంటాను. కార్డు ధరను 50 పైసలుగా ఉంచింది తపాలా కాదు, ప్రభుత్వం. పేదవాడికి అందుబాటులో ఉండాలని అలా ఉంచింది. ఖర్చులో సింహభాగం జీతాలు, పింఛన్లు. ఇంటింటికీ మనిషిని పంపే సేవలో ఖర్చు మనుషుల మీద కాక దేనిమీద ఉంటుంది? 15,000 కోట్లను 140 కోట్లమందికి పంచి చూడండి. ఒక్కో మనిషికి ఏడాదికి 110 రూపాయలు కూడా రాదు. దేశంలో ఏ మూలకైనా చేరగల ఒక వ్యవస్థను సిద్ధంగా ఉంచుకోవడానికి అది ఎక్కువా?

ఊరికి వేసిన రోడ్డు ఈ ఏడాది ఎంత లాభం తెచ్చిందని ఎవరూ అడగరు. తపాలా కూడా ఆ కోవలోదే. దానికి అయ్యేది నష్టం కాదు, ఖర్చు. ఆ ఖర్చును ఏ పనికి ఎంత పెడుతున్నామో బడ్జెట్‌లో విడిగా రాసి, ప్రజల ముందుపెట్టి, సామాజిక బాధ్యత కింద చెల్లించాలి. అలా చేయకుండా, పల్లె బట్వాడా ఖర్చునంతా తపాలా నెత్తిన రుద్ది, తర్వాత దాన్ని నష్టజాతకురాలని తిట్టడం న్యాయం కాదు. ఈ మధ్య తపాలాను లాభాల కేంద్రంగా మారుస్తామని కేంద్రం అంటోంది. పార్శిళ్లలో, బీమాలో, పొదుపులో లాభం తెచ్చుకుంటే సంతోషమే. 1884 నుంచి తపాలా జీవిత బీమా, 1882 నుంచి పొదుపు బ్యాంకు నడుపుతున్న శాఖకు ఆ సత్తా ఉంది. లాభమే కొలబద్ద అయిన రోజు మొదట తాళం పడేది ఏ ఆఫీసుకో చెప్పడానికి మాత్రం జ్యోతిష్యం అక్కర్లేదు. పొలాల మధ్య ఉన్న బ్రాంచి పోస్టాఫీసుకే.

డిజిటల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో తెలుగు నేల మీదే చూశాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్ టవర్లు కూలి, రోజుల తరబడి మాట కలవలేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమ అంతటా ఇంటర్నెట్ ఆపేస్తే, ఇళ్ల నుంచి పనిచేసుకునే ఐటీ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి గట్లకు, పక్క జిల్లాలకు పోయారు. గాలివానకో, ఒక్క ఉత్తర్వుకో చేతులెత్తేసే వ్యవస్థ పక్కన, మనుషులతో నడిచే మరో వ్యవస్థ ఉండి తీరాలి. యంత్రం మాట మనిషి మాట కన్నా ఎక్కువని నమ్మితే జరిగే అన్యాయానికి బ్రిటన్ సాక్ష్యం. అక్కడి పోస్టాఫీసు వాడిన హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ చూపించిన తప్పుడు లెక్కల్ని నమ్మి, 1999కీ 2015కీ మధ్య 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లను దొంగలని కోర్టుకీడ్చారు. కొందరు జైలుకు పోయారు, కొందరు ఆస్తులు పోగొట్టుకున్నారు. చివరికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షల్ని రద్దు చేయాల్సివచ్చింది. కంప్యూటర్ వద్దని నేను అనడం లేదు. కంప్యూటర్‌కు ఎదురుగా నిలబడి ఇది తప్పు అని చెప్పగల మనిషి, ఆ మాట వినే వ్యవస్థ ఉండాలంటున్నాను.

తెలుగు పాఠకుడికి తపాలా ఇంకో విధంగా ఆధారం. మన సాహిత్య పత్రికలు, చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు దుకాణాల్లో దొరకవు. విజయవాడలోనో హైదరాబాదులోనో ఇద్దరు ముగ్గురు కలిసి అచ్చువేసి, చిరునామాలు అతికించి, టపాలో వేస్తారు. శ్రీకాకుళం పల్లెలో టీచరు, ఆదిలాబాద్‌లో గుమస్తా, బరంపురంలోనో బళ్లారిలోనో హోసూరులోనో తెలుగు పుస్తకాల షాపు ఎరగని తెలుగు కుటుంబం ఆ టపా కోసమే చూస్తారు. ఆ దారి మీద 2024 డిసెంబరులో దెబ్బ పడింది. పుస్తకాలకున్న చౌక బుక్‌పోస్టును ఎత్తేశారు. పుస్తకం ధరతో పోటీపడే తపాలా ఖర్చు పెట్టి ఎవరు తెప్పించుకుంటారు? ప్రచురణకర్తలు, పాఠకులు గట్టిగా అడిగారు. 2025 మే 1న 'జ్ఞాన్ పోస్ట్' పేరుతో 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు అంటూ కొత్త సేవ వచ్చింది. అడిగితే వస్తుందనీ, అడక్కపోతే ఉన్నదీ పోతుందనీ ఈ కొద్ది నెలల కథ చెబుతోంది.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి రావాలి. 1898 నాటి పోస్టాఫీసు చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు, 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఉత్తరాల రవాణా మీద ప్రభుత్వానికున్న ప్రత్యేక హక్కు పోయింది. దానికి నేను బాధపడను, అది ఎప్పుడో కాగితాలకే పరిమితమైంది. కానీ తపాలా ఏ సేవలు అందించాలో చట్టంలో రాయకుండా ప్రభుత్వం చేసే నిబంధనలకు వదిలేశారు. నిబంధనను మార్చడానికి పార్లమెంటులో చర్చ జరగనక్కర్లేదు, గెజిట్‌లో ఒక ప్రకటన చాలు. బుక్‌పోస్టు పోయింది, రిజిస్టరు పోస్టు పోయింది. రేపు ఏ ఊరి ఆఫీసు పోయినా ఇంతే నిశ్శబ్దంగా పోతుంది.

రెండో ప్రమాదం మోసే మనుషుల సంగతి. పల్లె తపాలా భారమంతా రెండున్నర లక్షలమంది గ్రామీణ డాక్ సేవకుల భుజాల మీద ఉంది. వీళ్లను శాఖ పూర్తి ఉద్యోగులుగా చూడదు. పని రోజుకు నాలుగైదు గంటలేనని లెక్క. వీళ్ల జీతాల మీద వేసిన కమలేశ్ చంద్ర కమిటీ తర్వాత 2018లో సవరించినప్పుడు కూడా నాలుగు గంటల పని ఉన్న బ్రాంచి పోస్టుమాస్టరుకు మొదటి మెట్టు 12,000 రూపాయలు, అతని సహాయకుడికి 10,000. దానిమీద కరువు భత్యం. శాఖ ఉద్యోగికి వచ్చే పింఛను వీళ్లకు లేదు. ఊళ్లో వృద్ధులందరికీ పింఛను లెక్కపెట్టి ఇచ్చే మనిషి తన ముసలితనానికి ఆ భరోసా లేకుండా రిటైరవుతాడు. పొదుపు ఖాతాలు తెరవాలి, బీమా పాలసీలు చేర్చాలి, పేమెంట్స్ బ్యాంకు పని చూడాలి, పార్శిళ్లు మోయాలి, లక్ష్యాలు అందుకోవాలి. అయినా లెక్కలో గంటలు ఆ నాలుగైదే. బట్వాడా ఆలస్యమవుతోందని, తలుపు తట్టకుండానే తాళం ఉందని రాసేస్తున్నారని జనం చేసే ఫిర్యాదుల్లో నిజం ఉంది. ఆ ఫిర్యాదుకు మందు మూసివేత కాదు. సరిపడా మనుషులు, సరైన జీతం, జవాబుదారీతనం.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. ప్రతి చిరునామాకూ వారంలో ఇన్ని రోజులు, ఇంత ధరలో బట్వాడా జరగాలని చట్టంలోనే రాయాలి. నిబంధనల్లో కాదు, చట్టంలో. వేగంతో పనిలేని చౌక రసీదు ఉత్తరాన్ని తిరిగి తేవాలి, కనీసం సమాచార హక్కు దరఖాస్తులకూ, కూలి, పింఛను, భూమి తగాదాల నోటీసులకూ. పుస్తకాలు, పత్రికల రాయితీని తీసేసే ముందు పార్లమెంటుకు చెప్పాలి. డాక్ సేవకులకు పూర్తి ఉద్యోగుల గుర్తింపు, పింఛను ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రభుత్వం పంపే ఏ సమాచారాన్నయినా కాగితం మీద, ఇంటికి, అదనపు రుసుము లేకుండా కోరుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలి. ఫోను లేనివాడికీ, ఉన్నా చదవలేనివాడికీ, చదవగలిగినా మోసగాళ్ల సందేశాలకు భయపడి ఏ లింకూ తెరవనివాడికీ ఆ హక్కు కావాలి. పార్శిల్ అడ్రసు సరిగా లేదంటూ తపాలా శాఖ పేరుతోనే దొంగ సందేశాలు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్న కాలం ఇది.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రపంచంలో చాలా దేశాలు తమ తపాలా చట్టాల్లో ప్రజలందరికీ సేవ అన్న బాధ్యతను రాసుకున్నాయి. మన పార్లమెంటు సభ్యులు సభలో ఒక ప్రశ్న వేయవచ్చు. మన గ్రామసభలు తమ బ్రాంచి ఆఫీసును కదపకూడదని తీర్మానం చేయవచ్చు. మన రచయితల సంఘాలు, ప్రచురణకర్తలు, పింఛనుదారుల సంఘాలు, న్యాయవాదులు ఒక్క గొంతుతో మాట్లాడవచ్చు. బుక్‌పోస్టు విషయంలో వచ్చిన ఫలితం ఇక్కడా వస్తుంది.

తపాలా అవసరం తీరిపోయిందనేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. దేశంలో ఏ గడపకైనా, కులం, డబ్బు, దూరం చూడకుండా, ఒకే ధరకు, చట్టం ముందు చెల్లే రుజువుతో చేర్చే మరో సంస్థ పేరు చెప్పండి. ఆ సంస్థ నష్టం వచ్చిన ఏడాది కూడా కొండ ఎక్కుతుందని హామీ ఇవ్వండి. అది చెప్పలేనంతవరకు తపాలాను మూసేయమనే హక్కు మీకు లేదు. దాన్ని బాగుచేయమని అడిగే హక్కు మాత్రం మనందరికీ ఉంది. ఇప్పుడు వాడుకోవలసిన హక్కు అదే.